రోటో పుట్టిన ఇంటి గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బొమ్మల సినిమాకు బాట వేసినవాళ్ల కుటుంబాల గురించి మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఏది వచ్చినా వాల్ట్ డిస్నీ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కూతుళ్లు డయాన్, షారన్ రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తండ్రి బెంచీ మీద కూర్చుని డిస్నీలాండ్ గురించి ఆలోచించాడన్న ముచ్చట చదివేవాళ్లందరికీ కంఠతా వచ్చేసింది. మంచి ముచ్చటే, కాదనం. కానీ హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) స్టూడియోల్లో రాత్రీ పగలూ ‘రోటో’ (తీసిన సినిమాలో కదిలే మనిషి అంచు వెంట ఫ్రేము ఫ్రేముకీ గీత గీయడం) చేస్తున్న మన పిల్లలకు అంతకంటే దగ్గరి ఇల్లు మరొకటుంది. అది ‘రోటోస్కోప్’ అనే యంత్రానికి పేటెంటు పొందిన అమెరికా బొమ్మల సినిమాల నిర్మాత మాక్స్ ఫ్లైషర్ ఇల్లు. ‘రోటో’ అన్న మాట పుట్టింది అక్కడే. కంప్యూటర్లతో పాటు వచ్చిన మాట అనుకుంటూ కోర్సులో చేరేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి దాని వయసు నూరేళ్లు దాటింది.

మాక్స్ 1883లో క్రాకో నగరంలో పుట్టాడు. తండ్రి దర్జీ. చిన్నతనంలోనే కుటుంబం న్యూయార్క్ వెళ్లిపోయింది. మాక్స్ మొదట బ్రూక్లిన్‌లో ఓ దినపత్రికలో బొమ్మలు వేశాడు, తర్వాత పాపులర్ సైన్స్ మంత్లీ పత్రికకు ఆర్ట్ ఎడిటర్ అయ్యాడు. యంత్రాల లోపలి అమరికను కాగితం మీద విప్పి చూపించడమే అక్కడ పని. తమ్ముడు జోకి కరెంటు పని, మరమ్మతు పని తెలుసు. ఇంకో తమ్ముడు డేవ్ ఫిల్ము కత్తిరించి అతికించే ఉద్యోగంలో ఉండేవాడు. ఒకరికి గీత, ఒకరికి యంత్రం, ఒకరికి ఫిల్ము. ఈ మూడూ ఒక ఇంట్లో లేకపోతే రోటోస్కోప్ వచ్చేది కాదు. పేటెంటు మాక్స్ పేరు మీద ఉంది కాబట్టి వ్యాసాల్లో తమ్ముళ్లు కనిపించరు. ఇది దిద్దవలసిన పొరపాటు.

రోటోస్కోప్ యంత్రం అమరిక ఇది. బల్ల మీద చట్రంలో ఓ గాజు పలక, దాని వెనక ప్రొజెక్టర్. ప్రొజెక్టర్ ఒక్క ఫ్రేము దగ్గర ఆగి, ఆ బొమ్మను గాజు మీద వేస్తుంది. ఇవతలి నుంచి గాజు మీద కాగితం పెట్టి అంచులు గీసుకుంటారు. కాగితం తీసి, ఒక ఫ్రేము ముందుకు జరిపి, మళ్లీ గీస్తారు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. మూగ సినిమా కాలపు లెక్కలో సెకనుకు 16 ఫ్రేములు అనుకుంటే, నిమిషం సినిమాకు 960 బొమ్మలు. పగలు ఉద్యోగాలు చేసుకునే అన్నదమ్ములు ఈ పనంతా రాత్రిళ్లు, మాక్స్ ఇంటి ముందుగదిలో, నెలల తరబడి చేశారు. మాక్స్ భార్య ఎథెల్ ఆ సామాను మధ్యే సంసారం నడిపింది. కూతురు రూత్ అప్పటికి చిన్నపిల్ల.

గీయడం కోసం ముందుగా తీసిన ఫిల్ములో విదూషకుడి వేషం వేసినవాడు డేవ్. నల్లటి వదులు దుస్తులు, వాటికి పెద్ద పెద్ద తెల్ల గుండీలు, వెనక తెల్ల దుప్పటి. ఆ వేషం నవ్వు కోసం మాత్రమే కాదు. తెలుపు మీద నలుపైతే అంచు స్పష్టంగా తెలుస్తుంది, నలుపు మీద తెల్ల గుండీ ఉంటే ఒళ్లు ఎటు తిరిగిందో తెలుస్తుంది. బూడిదరంగు బట్టలు వేసుకుని ఉంటే గాజు మీద చేయేదో నడుమేదో తేలేది కాదు. దీపం విషయంలోనూ ఇబ్బంది ఉంది. ఆనాటి నైట్రేట్ ఫిల్ముకు సులువుగా నిప్పంటుకుంటుంది. ఒకే ఫ్రేమును వేడి దీపం ముందు ఆపి ఉంచితే కాలిపోతుంది. అందుకని వెలుగు తగ్గించాలి. వెలుగు తగ్గితే బొమ్మ మసకబారుతుంది, గది చీకటి చేసుకోవాలి. అలాంటి చోట గంటల తరబడి సన్నగీత గీయడం ఎంత కష్టమో రోటో చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

పేటెంటుకు 1915 డిసెంబరులో దరఖాస్తు పెట్టారు. 1917 అక్టోబరు 9న మంజూరైంది, నంబరు 12,42,674. ఈ మధ్యలోనే, 1916 డిసెంబరు 8న, కొడుకు రిచర్డ్ పుట్టాడు.

ఆనాటి లోపాలే ఈనాటికీ ఉన్నాయి, అందుకే ఈ చరిత్ర మన పిల్లలకు పనికొస్తుందంటున్నాం. ప్రతి బొమ్మనూ దానికదే గీస్తే గీత ఒక్కో కాగితం మీద వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. వరసగా తిప్పితే అంచంతా ఉడుకుతున్నట్టు కదులుతుంది. ఇవాళ దాన్నే ‘ఎడ్జ్ చాటర్’ అంటున్నారు. సిల్హౌట్‌లోనో న్యూక్‌లోనో (రోటో చేసే సాఫ్ట్‌వేర్లు) పని మొదలుపెట్టిన కొత్తవాళ్లు 5 సెకన్ల షాట్, అంటే 120 ఫ్రేములు ఇస్తే, ప్రతి ఫ్రేములోనూ కీ (ఆ ఫ్రేములో గీతను చేత్తో ఖాయం చేసే గుర్తు; రెండు కీల నడుమ గీతను సాఫ్ట్‌వేరే కదిలిస్తుంది) పెట్టేస్తారు. దిద్దమని షాట్ వెనక్కి వచ్చేది అందుకే. ముందు మనిషిని ముక్కలు చేసుకోవాలి. తల, మెడ, పైచేయి, ముంజేయి, అరచేయి, వేళ్లు, ఒక్కొక్కదానికీ విడి షేప్ (పాయింట్లు కలిపి గీసిన ఆకారం). కదలిక దిశ మారే ఫ్రేముల్లో మొదటి కీలు పెట్టాలి. తర్వాత రెండు కీల నడిమి ఫ్రేము చూసి, అంచు తప్పితేనే అక్కడ మరో కీ. ఇలా సగాలు చేసుకుంటూ పోవాలి. మోచేతి మీద పెట్టిన పాయింటు చివరి ఫ్రేము దాకా మోచేతి మీదే ఉండాలి. అది జారి ముంజేతి మీదికి వెళ్లిందంటే, అంచు సరిగ్గా ఉన్నట్టు కనిపించినా నడుమ ఫ్రేముల్లో ఆకారం నలుగుతుంది. వేగంగా ఊగే చేతికి మసక ఉంటుంది. గీత ఆ మసక బయటి అంచున కాదు, దాని నడిమధ్యన నడవాలి.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. 1921లో అన్నదమ్ములు సొంత స్టూడియో పెట్టారు. లెక్కలు, ఒప్పందాలు, యంత్రాలు మాక్స్ చూసుకున్నాడు, బొమ్మల తయారీ డేవ్ చూసుకున్నాడు. సంగీతం లూ అనే మరో తమ్ముడి చేతిలో ఉండేది. 1930లో బెట్టీ బూప్, 1933లో తెర మీద పాపాయ్ అనే కార్టూన్ పాత్రలు వచ్చాయి. కూతురు రూత్ పెళ్లాడింది కూడా ఆ స్టూడియో యానిమేటర్ సేమూర్ నైటెల్‌నే. ఇల్లూ ఆఫీసూ వేరు కాకుండా పోయాయి. పనిలో చనువు ఉంటే రాత్రికి రాత్రి యంత్రం తయారవుతుంది. మాట పట్టింపు వస్తే అదే చనువు స్టూడియోను ముంచుతుంది. 1937లో ఉద్యోగుల సమ్మె ఐదు నెలలు నడిచింది. మరుసటి ఏడాది స్టూడియోను న్యూయార్క్ నుంచి మయామీకి మార్చారు. సినిమా కంపెనీ పారమౌంట్ సొమ్ముతో పెద్ద భవనం కట్టి, 1939 డిసెంబరుకు గలివర్ కథను పూర్తినిడివి చిత్రంగా విడుదల చేశారు.

ఆ చిత్రంలో రోటో గురించి ఒక మాట. గలివర్‌ను నిజం మనిషిని తీసిన ఫిల్ము మీంచి రోటో చేసి గీశారు, లిల్లిపుట్ అనే ఊరి బుల్లి జనాన్ని ఊహతో గీశారు. మామూలుగా ఇలాంటి రెండు రకాల బొమ్మలు ఒకే ఫ్రేములో పెడితే అతకవు. ఒకడికి బరువు ఉంటుంది, మరొకడికి ఉండదు. ఇక్కడ మాత్రం అతికింది, ఎందుకంటే గలివర్ ఆ ఊరికి పరాయివాడు. అతకకపోవడమే అక్కడ కథకు కావలసింది. రోటో ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు తెలియదు.

మయామీలో ఉండగానే అన్నదమ్ములకు మాటలు లేకుండా పోయాయి. మాక్స్ సంతకం కావలసిన కాగితం డేవ్‌కీ, డేవ్ చెప్పవలసిన సంగతి మాక్స్‌కీ మూడో మనిషి ద్వారా వెళ్లే పరిస్థితి. బయట అప్పు పెరుగుతోంది. రెండో పూర్తినిడివి చిత్రం 1941 డిసెంబరులో, పర్ల్ హార్బర్ దాడి జరిగిన రోజుల్లోనే తెర మీదికి వచ్చి దెబ్బతింది. 1942లో పారమౌంట్ స్టూడియోను తన చేతిలోకి తీసుకుని పేరు మార్చింది. మామ బయటికి వెళ్లాడు, అల్లుడు నైటెల్ అదే స్టూడియోను నడిపేవాళ్లలో ఒకడయ్యాడు. రూత్‌కు అటు తండ్రి, ఇటు భర్త. పిల్లల గురించి రాసేటప్పుడు దర్శకుడైన కొడుకు గురించి నాలుగు పేరాలు రాసి, కూతురిని ఒక్క వాక్యంలో దాటవేయడం మామూలైపోయింది. ఆ ఇంటి బరువు ఎక్కువగా మోసింది రూతే అని మా అభిప్రాయం.

రిచర్డ్ విషయంలోనూ ఓ అపోహ ఉంది. తండ్రి ప్రత్యర్థి డిస్నీకి పని చేసి ఇంటిని కాదన్నాడని కొందరు రాస్తారు. జరిగింది వేరు. సముద్రగర్భ నౌక నాటిలస్ కథకు (‘20,000 లీగ్స్ అండర్ ది సీ’) దర్శకత్వం వహించమని డిస్నీ అడిగినప్పుడు రిచర్డ్ ముందు తండ్రిని అడిగాడు. తండ్రి సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ చిత్రం 1954లో వచ్చింది. తర్వాత డిస్నీ మాక్స్‌ను తన స్టూడియోకు పిలిచి, ఒకప్పుడు మాక్స్ దగ్గర పనిచేసి తన దగ్గరికి వచ్చిన కళాకారులతో కలిపి భోజనం పెట్టాడు. పాతికేళ్ల పోటీ ఆ బల్ల దగ్గర ముగిసింది. మాక్స్ 1972లో కన్నుమూశాడు. తండ్రి జీవితాన్ని పుస్తకంగా రాసి 2005లో అచ్చు వేయించిన రిచర్డ్, మరుసటి ఏడాదే చనిపోయాడు. ఇంట్లో జరిగిన రోటో పని గురించి మనకు ఇంత తెలిసిందంటే ఆయన రాసిపెట్టడం వల్లే.

ఇక వారసత్వం. కుటుంబం తర్వాతి కాలంలో ఫ్లైషర్ స్టూడియోస్ అన్న పాత పేరుతోనే సంస్థను మళ్లీ పెట్టి బెట్టీ బూప్ హక్కులు తమవని చెప్పుకుంది. 2011లో అమెరికా అప్పీలు కోర్టు కాపీరైటు విషయంలో వాళ్ల వాదన ఒప్పుకోలేదు. పారమౌంట్ చేతికి వెళ్లిన హక్కులు అక్కడి నుంచి ఎవరెవరి చేతులు మారి కుటుంబానికి చేరాయో, తెగకుండా కాగితాల వరస చూపించలేకపోయారు. మధ్యలో ఒక్క బదిలీ పత్రం తేలకపోతే దాని తర్వాతి పత్రాలన్నీ ఎందుకూ కొరగావు. పాత తెలుగు సినిమాల నెగటివ్ హక్కుల కోసం తిరిగే నిర్మాతల పిల్లలకు ఈ బాధ కొత్తేమీ కాదు. బొమ్మ సృష్టించినవారు ఇంట్లో దాచవలసింది అసలు బొమ్మలను ఒక్కటే కాదు. ప్రతి అమ్మకం పత్రం, కాపీరైటు పునరుద్ధరణ రసీదు, కంపెనీ మూసినప్పటి తీర్మానం కూడా దాచాలి.

చివరగా మీ పిల్లల పేజీకి ఒక విన్నపం. ఫ్లైషర్ల ముందుగది పనిని మన ఇళ్లలో ఒక సెలవు రోజున చేయించవచ్చు, దయచేసి వేయండి. ఒకరు ముదురు రంగు బిగుతు బట్టలు వేసుకుని, తెల్ల దుప్పటి ముందు 4 సెకన్లు ఏదైనా చెయ్యాలి. చున్నీ, విరబోసిన జుట్టు వద్దు, వాటి అంచు దొరకదు. ఫోను కదలకుండా దేనికైనా ఆనించి తీయాలి. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ప్రతి మూడో ఫ్రేమే ఎంచుకుంటే సెకనుకు 10 చొప్పున 40 బొమ్మలు. టాబ్లెట్‌ను బల్ల మీద పరిచి, దాని మీద ఒక్కో ఫ్రేమునూ తెరిచి, వెలుగు పూర్తిగా పెంచి, పైన ఫొటోఫ్రేము గాజు పెట్టాలి, లేకపోతే పెన్సిలు ఒత్తిడికి తెర పాడవుతుంది. మామూలు పంచింగ్ మెషీన్ వేసే రెండు రంధ్రాల మధ్య దూరం 8 సెంటీమీటర్లు. ఓ అట్టముక్కకు అదే దూరంలో 5 మిల్లీమీటర్ల బోల్టులు రెండు బిగించి, దాన్ని గాజు పై అంచుకు టేపుతో అంటించి, కాగితాలు వాటికి తొడగాలి. రంధ్రం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి ప్రతి కాగితాన్నీ ఎడమకి, కిందికి నెట్టి పెట్టాలి. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వదిలేస్తే బొమ్మ మొత్తం వణుకుతుంది. గాజుకు మందం ఉంటుంది గనుక తల సరిగ్గా పైన పెట్టి చూడాలి, పక్కనుంచి చూస్తే గీత తప్పుతుంది.

ఇద్దరు గీసేటట్టయితే మొదటి 20 కాగితాలు ఒకరికి, తర్వాతి 20 మరొకరికి పంచకండి. నడుమ మనిషి మారిపోయినట్టుంటుంది. తల, చేతులు 40 కాగితాల్లోనూ ఒకరే గీయాలి, కాళ్లు, నడుము రెండోవారు. అన్నీ అయ్యాక కాగితాలను అవే బోల్టులకు తొడిగి ఒకే దూరం నుంచి ఫొటోలు తీసి, సెకనుకు 10 చొప్పున ఆడించాలి. యాప్‌లో 12 అని ఉంటే 10కి మార్చుకోవాలి, లేకపోతే 4 సెకన్ల నడక మూడున్నర సెకన్లలోపే అయిపోతుంది.

ఇట్లు,
రోటోస్కోపీ నేర్పే కొందరు ఉపాధ్యాయులం,
హైదరాబాద్