ఆ ఎర్ర మేడ రాస్ట్రెల్లీది కాదు

సంపాదకుల వారికి,

ఆదివారం అనుబంధంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మీద వచ్చిన వ్యాసంలో, అనిచ్కోవ్ వంతెన పక్కనున్న ఎర్ర మేడ ఫొటో కింద ‘రాస్ట్రెల్లీ కట్టిన 18వ శతాబ్దపు బరోక్ భవనం’ అని వేశారు. బరోక్ అంటే విగ్రహాలు, నగిషీలు నిండిన ఆడంబర శైలి. కానీ ఆ ఫొటోలోది రష్యన్ కులీన వంశమైన బెలోసెల్‌స్కీ-బెలోజెర్‌స్కీల మేడ. వాస్తుశిల్పి రాస్ట్రెల్లీ 1771లోనే పోయాడు. ఈ మేడకు ఇప్పటి రూపం ఇచ్చింది మరో వాస్తుశిల్పి స్టాకెన్‌ష్నైడర్, 1847-48లో.

నిజానికి చూసినవాళ్లు పొరబడేలాగే ఆయన దాన్ని కట్టాడు. ఈ మేడ ఉన్న నెవ్‌స్కీ వీధిలోనే, మోయ్కా నది మూల మీద రాస్ట్రెల్లీ 1753-54లో కట్టిన స్ట్రోగనోవ్ మేడను నమూనాగా పెట్టుకున్నాడు. ఇదీ నది మూలే, కాకపోతే ఫొంటాంకా నది. అంతకుముందు ఇక్కడున్నది 1800 ప్రాంతపు, సాదా గీతల క్లాసికల్ పద్ధతి ఇల్లు. దాన్ని మార్చి వందేళ్ల కిందటి ముఖం తొడిగారు. నియో-బరోక్ అంటే ఇదే. గోడమీద బరువు మోస్తున్నట్టు వంగి నిలబడ్డ విగ్రహాలు శిల్పి డేవిడ్ యెన్‌సెన్ చేసినవి. మోసేది మాత్రం వెనకున్న గోడే.

అన్నట్టు, ఆ ముస్తాబు అంతా రాయి కాదు, చాలావరకు గచ్చుపని. ఇటుక గోడ మీద సున్నపు పూత. దానిమీద సిమెంటు అతుకులో, గాలాడనివ్వని నూనె రంగో వేస్తే గోడలో చెమ్మ బయటికి పోదు. చలికాలంలో నీరు గడ్డకట్టి 9 శాతం దాకా ఉబ్బుతుంది, పూత పెచ్చులూడుతుంది. ముందుగా రాలేవి గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన నగిషీలే, వాననీరు, మంచు నిలిచేది వాటి మీదే కనుక. అందుకే ఆ ఊళ్లో అంచుల మీద రేకు తొడుగుతారు. హైదరాబాదు పాత కట్టడాల్లో మంచు బాధ లేదు గానీ, డంగు సున్నం మీద సిమెంటు పూస్తే లోపలి ఉప్పు గడ్డకట్టి అదే పని చేస్తుంది.

తర్వాత ఈ మేడను జారు వంశపు గ్రాండ్ డ్యూక్ సెర్గీ అలెక్సాండ్రోవిచ్ కొన్నాడు, పేరు సెర్గియెవ్‌స్కీ అయింది. 1905లో ఆయన హత్యకు గురయ్యాక ఆయన తమ్ముడి కొడుకు దిమిత్రి పావ్లోవిచ్ చేతికి వచ్చింది. జారు కుటుంబానికి దగ్గరైన సాధువు రస్‌పుటిన్ హత్యలో పాలుపంచుకున్నది ఈ దిమిత్రే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడే ఆంగ్లో-రష్యన్ ఆసుపత్రి నడిచింది. సోవియట్ కాలంలో కమ్యూనిస్టు పార్టీ జిల్లా కమిటీ ఉండేది. ఇప్పుడు కచేరీలు జరుగుతున్నాయి.

సవరణ వేస్తే ఇంత చాలు: ‘బెలోసెల్‌స్కీ-బెలోజెర్‌స్కీ భవనం, నియో-బరోక్, 1847-48, స్టాకెన్‌ష్నైడర్’. వంతెన మీది గుర్రాల విగ్రహాలు శిల్పి క్లోడ్ట్‌వి. వాటినీ రాస్ట్రెల్లీ ఖాతాలో వేయకండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం