నెపం పాత పైపుల మీదికి నెట్టకండి

సంపాదకులకు,

హైదరాబాద్ పాతనగరంలో మంచినీళ్ల కుళాయిల్లో మురుగు వస్తోందని మీరు వేసిన వార్త చదివి వారం దాటింది. అందులో అధికారులు ఇచ్చిన సంజాయిషీ ఇంకా మింగుడుపడక ఇది రాస్తున్నాను. పైపులు నిజాం కాలం నాటివట, కాబట్టి ఇలాంటివి తప్పవట. అన్నేళ్లు పనిచేసిన పైపుది తప్పా, అన్నేళ్లుగా దాన్ని మార్చాలన్న ఆలోచనే రానివారిది తప్పా?

1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచెత్తిన తరువాతే ఈ నగరానికి ఆరోగ్యం, ఇల్లు వేరువేరు సంగతులు కావని తెలిసివచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఆపే జలాశయాలతో సరిపెట్టలేదు, భూగర్భ మురుగు కాలువలు కూడా కావాలన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ ఆలోచన ఫలితాలే. ఇక 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పేరు చెబితే అందరూ పత్తర్‌గట్టీ, మొజంజాహీ మార్కెట్ గురించే మాట్లాడతారు. నేను మాట్లాడేది ఇరుకు బస్తీలు తీసేసిన చోట బోర్డు కట్టిన చిన్న ఇళ్ల గురించి. ఇల్లు కట్టేవారే గాలి ఎటు రావాలి, మురుగు ఎటు పోవాలి అని కూడా ఆలోచించారు. ఇళ్లు పోయిన పేదలందరికీ కొత్త ఇళ్లు దక్కలేదన్నదీ నిజమే, దాన్ని దాచనక్కరలేదు. కానీ బోర్డువారికి ఒక పద్ధతి ఉండేది.

1951లో మాడపాటి హనుమంతరావుగారు తొలి మేయరుగా కూర్చున్ననాటికి ఆ పద్ధతి ఇంకా బతికే ఉంది. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒకటయ్యాయి, అదే ఏడు నగరాభివృద్ధి బోర్డు వెళ్లి గృహనిర్మాణ మండలిలో కలిసిపోయింది. 1989లో మంచినీళ్లు, మురుగు మరో బోర్డు చేతికి వెళ్లాయి. వాననీరు పోయే నాలాలు మాత్రం కార్పొరేషన్ దగ్గరే ఉండిపోయాయి. ఇల్లు ఒకరిది, నీళ్లు ఒకరివి, నాలా ఇంకొకరిది. రోగం మాత్రం మాది!

మా వీధి సంగతే తీసుకోండి. రెండు వరుసల ఇళ్ల మధ్య వెనుక సందు ఒకటి ఉండేది. మురుగు పైపు దాని కిందనే వెళ్తుంది, మూతలన్నీ ఆ సందులోనే ఉండేవి. ఇప్పుడు సందే లేదు. ఒకరు స్నానాలగది కట్టుకున్నారు, ఒకరు వంటగది జరుపుకున్నారు, ఒక మూత ఏకంగా వంటగట్టు కిందికి పోయింది. పైపు పూడితే తెరవడానికి దారి లేక మురుగు వీధి గుమ్మాల వైపు పొంగుతుంది. ఆ గదులకు అనుమతి ఎవరిచ్చారని అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయాన్ని చూపిస్తుంది, అది మొదటిదాన్నే చూపిస్తుంది.

నీళ్లు రోజు విడిచి రోజు వదులుతారు. వదలని వేళల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పక్కనే నిలిచిన మురుగు తుప్పు పట్టిన అతుకుల్లోంచి లోపలికి చేరుతుంది. కుళాయి తిప్పగానే మొదటి బిందె పసుపుపచ్చగా, వాసన కొడుతూ రావడానికి కారణం అదే. మురుగు పొంగకుండా చూసి, నీళ్లు ఆగకుండా ఇచ్చి, తరువాత పైపుల వయసు లెక్కపెట్టండి.

దోమలు మలేరియాను మోస్తాయని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఈ జంటనగరాల్లోనే, 1897 ఆగస్టు 20న. ఏటా ఆ రోజున సభలు పెట్టి ఉపన్యాసాలు ఇస్తారు. కాలువలో నీరు నిలిచే ఉంటుంది, సాయంత్రం ఒక బండి వచ్చి పొగ వదిలి వెళ్తుంది. ఆ పొగకు పసిపిల్లలు దగ్గుతారు గానీ నీటిలోని దోమ పిల్లలకు ఏమీ కాదు. ఇక మనిషిని మురుగు గుంటలోకి రక్షణ లేకుండా దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా దేశంలో ఏ మూలనో ఆ వార్త మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాం. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

పాతనగరంలో మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం ఎక్కడెక్కడ పక్కపక్కనే నడుస్తున్నాయో వార్డువారీగా పటం వేసి, వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. మూసుకుపోయిన వెనుక సందులను గుర్తించి, కట్టడాల కింద పడిన మూతలను బయటికి తీయాలి. ఇల్లు, నీళ్లు, మురుగు, నాలా నాలుగింటికీ కలిపి వార్డుకు ఒక అధికారిని జవాబుదారీ చేసి, ఆయన పేరు, ఫోను నంబరు అదే గోడ మీద రాయాలి. మీ విలేకరులు ఈసారి అధికారులను కలిసినప్పుడు పైపుల వయసు అడగడం మాని, ఈ మూడూ ఎప్పుడు చేస్తారో తేదీతో సహా అడిగి అచ్చు వేయండి.

– పాతనగర నివాసి, హైదరాబాద్