అగ్నివీర్ కుర్రాళ్లకు యాంటీఆక్సిడెంట్ డబ్బాలా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా అనుబంధంలో యాంటీఆక్సిడెంట్ల మీద (కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే సి, ఇ విటమిన్ల లాంటి పదార్థాల మీద) వచ్చిన వ్యాసం చదివిన దగ్గర్నుంచి మనసు కుదుటపడలేదు. వ్యాయామం చేసే ప్రతివాళ్లూ రోజూ సి, ఇ విటమిన్ మాత్రలు వేసుకోవాలట, లేకపోతే ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కండరాలను తినేస్తాయట, వేసుకుంటే ముసలితనం దగ్గరికి రాదట. రాసినవారు డాక్టరో, మాత్రలు అమ్మేవారో కూడా వేయలేదు.

నేను పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెల్లవారుజామున ఆమదాలవలస రోడ్డు మీద ఆర్మీ సెలెక్షన్లకు తయారయ్యే పిల్లలకు టైం చూస్తుంటాను. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెడితేనే వాళ్లకు మొదటి గ్రూపు మార్కులు. వ్యాసం వచ్చిన మర్నాడే ఒక కుర్రాడు దాని ఫొటో ఫోన్లో చూపించాడు. రెండో చేతిలో డబ్బా, మాత్రకు 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి. జిమ్‌లో అంటగట్టారు. వాళ్ల నాన్న కూలికి వెళ్తాడు. ఔషధంగా వాడకూడదని ఇంగ్లీషులో చీమంత అక్షరాలతో డబ్బా మీదే ఉంది, ఎవరు చదివి చెప్తారు?

ఫ్రీ రాడికల్స్ వల్లే ముసలితనం వస్తుందని డెన్‌హమ్ హర్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1956లోనే ప్రతిపాదించాడు. అవి కణాలను దెబ్బతీసే మాట నిజమే. కానీ మాత్ర మింగితే మనిషి ఆయుష్షు పెరుగుతుందని ఇన్నేళ్లలో రుజువు కాలేదు. పరిగెత్తినప్పుడు కండరాల్లో అవి ఎక్కువగా పుడతాయి. ఆ కాస్త ఒత్తిడి తగిలాకే శరీరం తన సొంత రక్షణ ఎంజైములను, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచుకుంటుంది. దమ్ము పెరగడానికి అదొక ముఖ్య కారణం. 2009లో జర్మనీ పరిశోధకులు యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. మాత్రలు లేనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. రోజూ 1000 మిల్లీగ్రాముల సి, దాంతోపాటు ఇ విటమిన్ మింగినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. 1994లో ఫిన్లాండ్ ఫలితాలు ఇంకా ఘోరం. పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్ అనే మరో యాంటీఆక్సిడెంట్ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. చుట్ట నిప్పును నోట్లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంటింటా ఉన్న జిల్లాలో ఇలాంటి వ్యాసాలు వేసేముందు ఎవరినైనా అడగొద్దా?

అన్నింటికన్నా నాకు భయం కిడ్నీల గురించి. విటమిన్ సి మోతాదు మించితే శరీరంలో కొంత ఆక్సలేట్ అనే, కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే పదార్థంగా మారుతుంది. దానివల్ల రాళ్లు రావచ్చు, అప్పటికే కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ కిడ్నీలు మరింత దెబ్బతినవచ్చు. మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆ ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి నుంచి వచ్చే పిల్లలను కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నావా అని ఒక్క మాట అడక్కుండా ఈ డబ్బాలు చేతిలో పెడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ఒక జామకాయతో తీరిపోతుంది. మన జీడితోటల్లో గింజ కోసుకుని పండ్లను చెట్టు కిందే కుళ్లబెడుతున్నాం. ఆ పండులో నారింజకు మించి విటమిన్ సి ఉంది. చోడి (రాగి) అంబలి, తోటకూర, ఉసిరికాయ తిని పరిగెత్తినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన జిల్లా ఆడపడుచే కదా!

ఇక అధికారుల సంగతి. క్రీడాకారుల జిల్లా అని ప్రతి సభలో చెప్తారు. పిల్లలు పరిగెత్తడానికి మాత్రం చోటుండదు. ఉన్న మైదానాన్ని ఎగ్జిబిషన్లకు, మీటింగులకు ఇచ్చి, అవి అయ్యాక షామియానా మేకులు, గాజుపెంకులు అలాగే వదిలేస్తారు. పోయిన నెల ఒక పిల్లాడి బూటులోంచి మేకు దిగింది. అందుకే చీకట్లో లారీల పక్కన పరిగెడుతున్నారు. చెప్పి చెప్పి నోరు పడిపోయింది.

సవరణ మీరు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఫుడ్ సేఫ్టీ, డ్రగ్స్ కంట్రోల్ వాళ్లు జిమ్‌లలో అమ్మే డబ్బాలను తనిఖీ చేయాలి. వచ్చే ఆర్మీ సెలెక్షన్ ర్యాలీలోపు మైదానం శుభ్రం చేయించి, తెల్లవారుజామున నాలుగింటికే గేటు తీయించాలి. లైట్లు వేయమని కూడా ఎవరైనా చెప్పాలి.

– ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం