‘మీ జాకెట్టు రెడీ’ అని వచ్చిన మెసేజ్ గురించి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు నెల్లిమర్ల నుంచి ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని వచ్చి, మన టైలరింగ్ షాపు షట్టరు వేసి ఉండటం చూసి వెనక్కి వెళ్లిపోయిన ఆవిడకి ముందుగా క్షమాపణ. ఆవిడ తప్పేమీ లేదు. ఆ పొద్దున తొమ్మిదిన్నరకి నా నంబరు నుంచే ఆవిడకి మెసేజ్ వెళ్లింది, మీ జాకెట్టు రెడీ అయింది, వచ్చి తీసుకెళ్లండి అని. అసలది ముందురోజు, తొలేళ్ల సోమవారం పొద్దునే వెళ్లాల్సింది. సిరిమాను మంగళవారం మేం షాపు తియ్యమని పాతవాళ్లందరికీ తెలుసు. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే రోజున మూడు లాంతర్ల కూడలి చుట్టుపక్కల షాపు తీసినా, లోపలికి వచ్చే దారెక్కడుంటుంది? ఆవిడ కొత్తగా వస్తున్నారు, తెలీదు. మెసేజ్ నమ్మి బయల్దేరారు.

ఆవిడొక్కరే కాదు. శ్రావణం నుంచి దసరా దాకా మా మెసేజ్‌ల వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు మొహం మీదే అడిగారు, కొందరు మర్యాదకి ఊరుకున్నారు. అడిగినవాళ్లకి ‘ఫోను పాడైందమ్మా’ అని చెప్పాను. అది అబద్ధం. ఫోను బాగానే ఉంది. జరిగింది ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఇదివరకు మన పద్ధతి మీకు తెలుసు. ఆర్డరు పుస్తకంలో ఫోను నంబరు రాసుకోవడం, కుట్టడం అయ్యాక సాయంత్రం కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడం. మామూలు రోజుల్లో పది మంది, పదిహేను మంది. శ్రావణం వచ్చిందంటే రోజుకి యాభై, అరవై. ‘రెడీ అమ్మా’ అని ఒక్క ముక్క చెప్పి పెట్టేద్దామంటే కుదరదు కదా, వాళ్లమ్మాయి డెలివరీ దగ్గర్నుంచి మా ఆయన మోకాలినొప్పి దాకా మాట్లాడాలి. నాకూ ఇష్టమే. కానీ అక్కడ హెమ్మింగ్ ఆగిపోతుంది.

మా చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు వచ్చి ‘పెద్దమ్మా, ఇవన్నీ ఫోనే పంపుతుంది’ అన్నాడు. ముందు గూగుల్ మెసేజెస్‌లో చూపించాడు. మెసేజ్ రాశాక పంపే బాణం గుర్తుని నొక్కి పట్టుకుంటే ఏ రోజు, ఏ టైముకి వెళ్లాలో పెట్టుకోవచ్చు. ఒకరిద్దరికైతే అది చాలు, ఇప్పటికీ వాడుతున్నాను. కానీ వంద మందికి ఒక్కొక్కటీ పెట్టాలంటే ఫోన్ చెయ్యడమే నయం. అందుకని ఇంకో యాప్ వేశాడు. పేర్ల జాబితా ఇచ్చి, తారీఖు పెడితే వరసగా అదే పంపేస్తుంది.

మొదటి దెబ్బ వరలక్ష్మీ వ్రతానికి ముందు తగిలింది. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి వెళ్లాలని పెట్టాను. నేను నొక్కింది ఏఎం. పన్నెండు ఏఎం అంటే మధ్యాహ్నమా, అర్ధరాత్రా అని అంతకుముందెప్పుడూ నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ టైముకి నాకు ఎప్పుడూ పని పడలేదు. అర్ధరాత్రి. కంటోన్మెంట్‌లో ఉండే పెద్ద టీచరుగారు పొద్దునే ఫోన్ చేసి, ‘ఏటమ్మా, రాత్రి పన్నెండింటికి జాకెట్టు రెడీ అంటున్నావు, నిద్ర లేకుండా మిషను తొక్కుతున్నావేటి?’ అన్నారు. సిగ్గుపడి నవ్వేశాను. ఫోను గడియారం ఇప్పుడు 24 గంటల పద్ధతిలోకి మార్చేశాను. అయినా సరిగ్గా పన్నెండుకి ఏదీ పెట్టను.

రెండోది ఇంత తేలిగ్గా దొరకలేదు. మెసేజ్ వెళ్తుంది గానీ ఆలస్యంగా. తొమ్మిదికి పెడితే ఒకరోజు తొమ్మిదీ నలభైకి, ఒకరోజు పదకొండుకి. మా వాడికి చెబితే ఫోను చేతిలో పట్టుకుని పరీక్ష చేశాడు, ఠంచనుగా వెళ్లింది. ‘బాగానే ఉంది పెద్దమ్మా’ అన్నాడు. వాడు వెళ్లాక మళ్లీ ఆలస్యం. మూడుసార్లు ఇలాగే. అసలు సంగతేమిటంటే, నేను పొద్దున్నే ఫోనుని కటింగ్ టేబుల్ మీద ఒక మూల పెడతాను. ఛార్జింగ్ పెట్టను, ముట్టుకోను, స్క్రీను ఆరిపోయి ఉంటుంది. ఫోను సరిగ్గా అలా ఉన్నప్పుడే ఆండ్రాయిడ్ గాఢ నిద్రలోకి పోతుంది. దాన్ని డోజ్ అంటారు, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ ఉంది. బ్యాటరీ మిగలడానికని యాప్‌ల పనులన్నీ ఆపి ఉంచి, మధ్యమధ్య కాస్త లేచినప్పుడు చేయిస్తుంది. చేతిలో పట్టుకుని పరీక్షిస్తే అది మెలకువగానే ఉంటుంది కాబట్టి ఏ లోపమూ కనపడదు. మీలో ఎవరైనా ఇలాంటివి వాడుతుంటే, పరీక్ష పెట్టి ఫోనుని గంటసేపు ముట్టుకోకుండా వదిలెయ్యండి. అప్పుడే నిజం తెలుస్తుంది.

దీనికి మూడు చోట్ల మార్చాల్సి వచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అని పెట్టాం. ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనే అనుమతి ఇచ్చాం. ఇది ఆండ్రాయిడ్ 12లో వచ్చింది, 14 నుంచైతే కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకి మనం వెళ్లి ఇస్తే తప్ప ఉండదు. అది లేకపోతే చెప్పిన నిమిషానికే పంపే హక్కు యాప్‌కి రాదు. ఇక నా ఫోనులో ‘ఆటోస్టార్ట్’ అని ఇంకోటి ఉంది, అదీ వేశాం. ఇది అన్ని కంపెనీల ఫోన్లలో ఉండదు.

అంతా సర్దుకుందనుకున్నాక ఒక పొద్దున అసలేమీ వెళ్లలేదు. నేను తొమ్మిదిన్నరకి ఫోను తీసి పిన్ కొట్టగానే ఒక్కసారిగా బయల్దేరాయి. రాత్రి ఫోను అప్‌డేట్ అయి తనంతట తనే ఆగి మళ్లీ మొదలైందట. అలా మొదలైన ఫోను, మనం ఒకసారి పిన్ కొట్టి తెరిచేదాకా చాలా యాప్‌లని లేవనివ్వదు, లోపలి సమాచారానికి తాళం పడి ఉంటుంది. నేను నిద్రలేవగానే ఫోను తెరిచే మనిషిని కాను, పూజయ్యాకే. ఇప్పుడు పళ్లు తోముకోగానే పిన్ కొడుతున్నాను. అలవాటు మంచిదో చెడ్డదో తెలీదు.

ఇక తొలేళ్ల సోమవారం. 112 మందికి పెట్టాను, పొద్దున తొమ్మిదికి. పండక్కి ఒకరోజు ముందు అందరూ వచ్చి తీసుకెళ్లిపోతారని లెక్క. మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. పండగ హడావుడిలో ఉన్నారేమో అనుకున్నాను. సాయంత్రం యాప్ తెరిచి చూస్తే 33 మందికే వెళ్లింది. మిగతావన్నీ ఎర్రగా, ‘పోలేదు’ అని. మర్నాడు పొద్దున యాప్ దానంతట అదే మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ 33 మంది. నెల్లిమర్ల ఆవిడ ఈ రెండో 33లో ఉన్నారు. బుధవారం ఇంకో 33.

సిగ్నల్ లేకపోతే ఒకరోజు 20, ఒకరోజు 50 అవ్వాలి. రోజూ అదే అంకె ఎందుకు? సిమ్ముల షాపులో అడిగితే ‘మీ ప్యాకులో రోజుకి 100 ఎస్సెమ్మెస్సులు ఉన్నాయి కదండీ, ఇంకా 67 మిగలాలి’ అన్నారు. లెక్క ప్రకారం అంతే. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక మా వాడికి వెలిగింది. నేను రాసింది తెలుగులో.

ఇది నాకు నిజంగా కొత్త విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగులో రాస్తే 70. అంతకన్నా పొడుగైతే మెసేజ్‌ని ముక్కలు చేసి పంపుతుంది, ముక్కలుగా చేసినప్పుడు ఒక్కోదాంట్లో 67 మాత్రమే పడతాయి. అందుకునే ఫోనులో ముక్కలు అతుక్కుని ఒకటే మెసేజ్‌లా కనపడుతుంది కాబట్టి మీకూ తెలీదు, నాకూ తెలీదు. సిమ్ కంపెనీ మాత్రం ముక్కల్నే లెక్కపెడుతుంది. పైగా తెలుగులో అక్షరం అంటే మనం పలికే అక్షరం కాదు. గుణింతం గుర్తు వేరే లెక్క, పొల్లు వేరే లెక్క, ఒత్తు అక్షరం వేరే లెక్క. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఫోను లెక్కలో ఆరు. ‘జాకెట్టు’ ఎనిమిది. నా మెసేజ్ నమస్కారంతో మొదలై, జాకెట్టు, ఫాల్, పికో, షాపు టైములు, పండగ శుభాకాంక్షలు అన్నీ చెప్పి మూడు ముక్కలకి వెళ్లింది. 33 మందికి మూడేసి చొప్పున 99. ముప్పై నాలుగో ఆవిడ దగ్గర కోటా అయిపోయింది. ఆపైన పంపాలంటే మెయిన్ బ్యాలెన్స్‌లో డబ్బులుండాలి. అందులో ఉన్నది సున్నా. గుడ్డ కొలిచి కత్తిరించేటప్పుడు అర అంగుళం తేడా వస్తే మా కటింగ్ మాస్టారుని నిలబెట్టి అడుగుతాను. నా మాటలు కొలుచుకోవాలని మాత్రం తోచలేదు.

ఇప్పుడు మా నుంచి వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: ‘మీ జాకెట్టు రేపు ఇస్తాం. వచ్చేముందు ఫోన్ చేయండి.’ ఇది 48. మిగిలిన చోట షాపు పేరు పడుతుంది. నమస్కారం లేదని ఏమీ అనుకోకండి, షాపుకి వచ్చినప్పుడు పెడతాను.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఫోను సంగతులు. ఇప్పుడు చెప్పేది నా సంగతి. ‘రెడీ’ అన్న మాటని తారీఖుకి కట్టేశాను. ఆర్డరు తీసుకున్న రోజే, ఇస్తానన్న తారీఖు చూసుకుని, రెడీ అని మెసేజ్ పెట్టేసేదాన్ని. యాప్‌కి తారీఖు తెలుసు గానీ, మిషను బెల్టు తెగిందనీ, మగ్గం వర్క్‌కి పంపిన గుడ్డ తిరిగి రాలేదనీ, హుక్కులు కుట్టే అమ్మాయికి జ్వరమనీ దానికేం తెలుసు? దసరా ముందు గాజులరేగ నుంచి వచ్చిన ఒకావిడ కవర్లో జాకెట్టు తీసి చూసుకుని, ‘రెడీ అన్నావు, చేతులేవే తల్లీ?’ అన్నారు. చేతులు పక్క టేబుల్ మీద లైనింగ్ వేసి ఉన్నాయి. ఆవిడని అరగంట కూర్చోబెట్టి ఎక్కించి ఇచ్చాను. అలా కూర్చోబెట్టినవాళ్లు ఇంకో ఏడెనిమిది మంది ఉంటారు. వాళ్లందరి దగ్గరా తప్పు ఫోను మీదకి నెట్టేశాను.

అందుకని ఇప్పుడు ఇలా మార్చాను. ఫోను దానంతట అది పంపేది ముందురోజు గుర్తుచేసే మెసేజ్ మాత్రమే, అదీ రోజుకి ముప్పై, నలభై మందికి మించకుండా. ‘రెడీ’ అన్న మాట మాత్రం ఇస్త్రీ అయి, మడత పెట్టి, కవర్లో వేశాక నేనే నా చేత్తో పంపుతాను, లేదా ఫోన్ చేస్తాను. రాత్రి ఎనిమిది తర్వాత మా నుంచి మెసేజ్ రాదు. వస్తే నన్ను తిట్టండి.

వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు నిజమే. కానీ నా నంబరు మీ ఫోనులో సేవ్ అయి ఉంటేనే అది మీకు అందుతుంది. మీలో సగంమంది నన్ను సేవ్ చేసుకోలేదని శ్రావణంలోనే తెలిసింది, కొంచెం బాధేసింది కూడా. సేవ్ చేసుకుని ఒక మెసేజ్ పెడితే మిమ్మల్ని అందులో కలుపుతాను. వాట్సాప్‌లో తనంతట తానే పంపే యాప్‌లు కూడా ఉన్నాయి. మనకి బదులు స్క్రీను మీద బటన్ నొక్కడానికి అవి ‘యాక్సెసిబిలిటీ’ అనుమతి అడుగుతాయి. అదిస్తే స్క్రీను మీద కనపడేదంతా చదవగలవు. మీ నంబర్లు, మా బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఈ ఫోనులోనే ఉన్నాయి కాబట్టి వద్దన్నాను.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. శ్రావణంలో ‘లైనింగ్ జాకెట్టుకి తగ్గింపు’ అని పాత పుస్తకంలో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పెట్టాను. మామూలు నంబరు నుంచి అలాంటి ప్రచారం పంపకూడదు. ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం దానికి పేరు నమోదు చేయించుకోవాలి. ఎవరైనా 1909కి ఫిర్యాదు చేస్తే నంబరే పోవచ్చు. మీరెవరూ చెయ్యలేదు, మీ మంచితనం. దీపావళికి అలాంటిదేమీ రాదు. తగ్గింపు ఉంటే షాపు గోడ మీద రాసి ఉంటుంది.

మెసేజ్ అందక ఇంకా రానివాళ్ల బట్టలు పద్నాలుగు కవర్లు బీరువాలో ఉన్నాయి. ఏడు ఆది జాకెట్లు కూడా ఉన్నాయి, అందులో ఒకటి నెమలిరంగు పట్టుది, లోపల ‘పెళ్లి’ అని చాక్‌పీసుతో రాసి ఉంది. ఎవరిదో గుర్తుపట్టలేకపోతున్నాను. నెల్లిమర్ల అమ్మా, మీ రెండు జాకెట్లూ గురువారం నెల్లిమర్ల వస్తున్న మా వాడి చేతికిచ్చి పంపుతాను, ఏ టైముకి ఇంట్లో ఉంటారో ఒక్క ఫోన్ కొట్టండి.