అక్కా, నీ గొంతుకు వందనాలు

అందరికీ వందనాలు. చాలా రోజులుగా రాద్దామనుకుంటూ ఆగిపోతున్నాను. మా పాప ఏడో నెలలోనే పుట్టి, పదకొండు రోజులు ఉండి వెళ్లిపోయిందని మీలో చాలామందికి తెలుసు. ఆ రోజుల్లో మాకోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసినవాళ్లకి, హాస్పిటల్లో రాత్రుళ్లు మా వారికి తోడుగా ఉన్నవాళ్లకి, మాకు వండి పంపినవాళ్లకి, వచ్చి ఏమీ మాట్లాడకుండా గంటసేపు కూర్చుని వెళ్లిన పాస్టర్ గారికి, మా ఇద్దరి తరఫున కృతజ్ఞతలు. కానీ ఈరోజు ముఖ్యంగా ఒక అక్క గురించి చెప్పాలి. పేరు రాయొద్దంది, అందుకే రాయడం లేదు.

పాపని సమాధి చేసి వచ్చాక నేను బైబిల్ ముట్టుకోలేదు. కోపం కాదు, భయం. పాప బతకాలని మేం పట్టుకుని ప్రార్థించిన వాగ్దానాలన్నీ అందులో గీతలు గీసి ఉన్నాయి, తెరిస్తే వాటిలో ఏది కంటపడుతుందోనని. దానికి తోడు ఒకాయన ఫోన్ చేసి, మీ విశ్వాసం ఇంకాస్త గట్టిగా ఉండుంటే బిడ్డ దక్కేది అన్నారు. ఇంకొందరు మంచి మనసుతోనే "మళ్లీ పుడతారులే అమ్మా" అన్నారు. ఆ రెండు మాటలూ పగలూ రాత్రీ నా చెవుల్లో తిరుగుతూనే ఉండేవి.

అప్పుడు ఫోన్ చేసింది అక్క. "నువ్వు చదవక్కర్లేదు, ప్రార్థన కూడా చెయ్యక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఒక అధ్యాయం నేను చదువుతా, నువ్వు ఫోన్ చెవి దగ్గర పెట్టుకో చాలు" అంది. బైబిల్లో యోబు గ్రంథం తీసింది, ఆస్తినీ పదిమంది పిల్లల్నీ ఒక్కరోజులో పోగొట్టుకున్న నీతిమంతుడి కథ. 42 అధ్యాయాలు, 42 రోజులు. ఒక్కరోజు కూడా మానలేదు, జ్వరంతో గొంతు పోయిన రోజున కూడా ఆగి ఆగి చదివింది.

చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న యోబు నాకు తెలుసు. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్న మొదటి అధ్యాయం, అన్నీ రెండింతలు వచ్చిన చివరి అధ్యాయం. మధ్యలో ఉన్నదాన్ని నేనెప్పుడూ మనసుపెట్టి చదవలేదని ఇప్పుడు తెలిసింది. మూడో రోజు, యోబు తను పుట్టిన దినాన్నే శపించుకునే అధ్యాయం వింటూ నేను మొదటిసారి గట్టిగా ఏడ్చాను. అక్క ఓదార్చలేదు, ఆగింది, నా ఏడుపు అయ్యాక మిగతా వచనాలు చదివింది. ఇంత మాట దేవుని ముందు అనొచ్చా అనిపించింది. అన్నాడు, అది వాక్యంలో ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు. (దేవుణ్ణి దూషించి చచ్చిపొమ్మని యోబుతో అన్నందుకు అతని భార్యని అందరం తప్పుపడతాం గానీ ఆ పదిమంది పిల్లలూ ఆమె కన్నవాళ్లే కదా. నేనిక ఆమెని ఒక్క మాట అనలేను.)

ఎనిమిదో అధ్యాయంలో, యోబుని ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడైన బిల్దదు, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే ఇలా అయింది అంటాడు. అక్కడ అక్క చదవడం ఆపి, "ఇది బిల్దదు మాట, దేవుని మాట కాదు. దీని గురించి దేవుడే చివర్లో మాట్లాడతాడు, అప్పటిదాకా దాచుకో" అంది. 34 రోజులు దాచుకున్నాను. 42వ అధ్యాయంలో దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడి, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు. ప్రశ్నలు అడిగినవాడిది తప్పు కాలేదు, దేవుని పక్షాన మాట్లాడుతున్నాం అనుకుని అతన్ని గాయపరిచినవాళ్లది తప్పయింది. ఆ ఫోన్ మాట ఆ రోజు నా మీద నుంచి దిగిపోయింది.

అదే అధ్యాయంలో ఇంకొకటి. 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి, 3,000 ఒంటెలు 6,000 అయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ పదిమందే, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. గొర్రెల లెక్క వేరు, పిల్లల లెక్క వేరు అనుకున్నాను. పోయిన పదిమంది కూడా ఆ లెక్కలో ఉన్నారని నేను నమ్ముతున్నాను. నాకు రేపు పిల్లలు పుట్టినా మా పాప మా మొదటి పాపే.

ఇక 39వ రోజు. కొండమేకలు ఈనే కాలం నీకు తెలుసా, అవి మోసే నెలలు నువ్వు లెక్కపెట్టగలవా అని దేవుడు యోబుని అడుగుతాడు. ఎందుకిలా జరిగిందో 38 నుంచి 41 దాకా ఎక్కడా చెప్పడు, నాకూ ఆ జవాబు ఇంకా దొరకలేదు. కానీ అడవిలో ఎవరూ చూడని మేక మోసే నెలల్ని లెక్కపెట్టేవాడు నా ఏడు నెలల్ని కూడా లెక్కపెట్టే ఉంటాడు. ఆ రోజు ఫోన్ పెట్టాక ఒక్కదాన్నే కూర్చుని ఆయనతో మాట్లాడాను, చాలా రోజుల తర్వాత.

యోబు అయిపోయాక బైబిల్లోనే కీర్తనల గ్రంథం మొదలుపెట్టాం, రోజుకొక కీర్తన. అప్పటికి మా వారు కూడా పక్కన కూర్చుని వింటున్నారు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే 88వ కీర్తన రోజున, ఇంకేదైనా మంచి వచనం కలిపి చదువుతుందేమో అనుకున్నాను. కలపలేదు. అక్కడితో ఆపి, రేపు మాట్లాడదాం అంది. ఆ నిజాయితీకి కూడా అక్కా, నీకు థాంక్స్.

మొన్న 161వ రోజు, 119వ కీర్తన. 176 వచనాలు. 64 దాకా చదివేసరికి అక్క గొంతు అలసిపోయింది, నాకు తెలియకుండానే బైబిల్ తీసి నేను అందుకున్నాను. 71వ వచనం దగ్గర ఆగిపోయాను: "శ్రమనొంది యుండుట నాకు మేలాయెను." ఇది నేను ఇంకా అనలేను అక్కా అన్నాను. "సరే, అది నేను చదువుతా, తర్వాతది నువ్వు చదువు" అంది.

72 నుంచి చివరిదాకా నేనే చదివాను.