కవికి మూడు నిమిషాలేనా?

సంపాదకులకు నమస్కారం.

వచ్చే ఆదివారం సాయంత్రం జరిగే కవితా పఠన సభ ప్రకటన మీ పత్రికలో చూసినప్పటి నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. అందులో ఉన్న ఐదుగురు కవులలో ముగ్గురిని ఏళ్లుగా చదువుతున్నాను. ఒక్కరి గొంతూ వినలేదు. పరీక్షకు వెళ్లే పిల్లవాడిలా వాళ్ల పుస్తకాలు మళ్లీ తిరగేస్తున్నాను. ఒకాయన కవితలో ఒక పంక్తి ఒకే మాటతో ఆగిపోతుంది. చదివేటప్పుడు ఆయన అక్కడ ఎంతసేపు ఆగుతారో, అసలు ఆగుతారో లేదో చూడాలని ఉంది.

పద్యానికి యతి, ప్రాస, గణాల నడక తోడుంటాయి. ఎవరు చదివినా చాలావరకు నిలబడుతుంది. వచన కవితకు ఆ ఆసరా లేదు. పంక్తి విరిగిన చోట ఉన్నది నిశ్శబ్దమా, తొందరా, వెటకారమా అన్నది కవి నోట వింటేనే తేలుతుంది. ఇంగ్లీషు కవి టెన్నిసన్ 1890లో, ఆనాటి ధ్వనిముద్రణ సాధనమైన మైనపు సిలిండరు మీద తన కవిత చదివారు. ఆ గరగరల్లో మాటలు సరిగా అందవు గాని, ఊనిక ఎక్కడ పడిందో తెలుస్తుంది. మన కృష్ణశాస్త్రి గారి కంఠం 1963లో అనారోగ్యంతో మూగబోయింది. ఆ తరవాత పదిహేడేళ్లు జీవించారు. ఆయన కవిత ఆయన నోట వినే భాగ్యం మాత్రం పోయింది.

ఇదంతా ఎందుకంటే, ఆహ్వానపత్రం చూస్తే భయం వేస్తోంది. స్వాగతోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి (ఈ ముగ్గురికీ తేడా ఏమిటో నాకు నేటికీ అంతుపట్టలేదు), అందరూ అయ్యాక కవులు. నిరుడు ఒక సభలో ఇలాగే గంటన్నర ప్రసంగాలు సాగాయి. ఆపైన కవికి మూడు నిమిషాలు. ఒక పెద్దావిడ కవిత సగంలో ఉండగా నిర్వాహకులు చీటీ అందించారు. ఆమె చీటీ చూసి, కాగితం మడిచి, వెళ్లి కూర్చున్నారు. ఆ రెండో సగం కోసం పత్రికలన్నీ వెతికాను, దొరకలేదు.

నిర్వాహకులు ప్రసంగాలన్నీ కలిపి పావుగంటకు కుదించి, ఒక్కొక్క కవికి కనీసం పావుగంట ఇవ్వాలని మీ ద్వారా కోరుతున్నాను. ఉర్దూ కవితా సభ అయిన ముషాయిరాలో శ్రోతలు ‘ముకర్రర్’ అంటే కవి ఆ పాదాలు మళ్లీ చదువుతారు. చెవిన పడిన కవిత ఒక్కసారికి పట్టుబడదు. మళ్లీ చదవమని అడిగే వీలు మనకూ ఉండాలి. మైకు ముందే సరిచూసుకోవాలి. కవి చదువుతుంటే వెనక కీబోర్డు వాయించే ఏర్పాటేదైనా ఉంటే దయచేసి మానుకోవాలి.

సభ ఆరింటికి. నేను ఐదున్నరకే వచ్చి రెండో వరసలో కూర్చుంటాను. మొదటి వరస అతిథులది కదా.

– ఒక కవితా పాఠకుడు