సొంతూరికి వచ్చినా మలేరియా ముప్పే

సంపాదకునికి,

సెలవులకు అమెరికా, బ్రిటన్‌ల నుంచి పిల్లలతో వచ్చేవారు మలేరియా ఉన్న అరకు, పాడేరు ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్తారు. పుట్టి పెరిగిన నేలే కదా అన్న ధీమాతో మలేరియా మాత్రల ఊసే ఎత్తరు. ఏజెన్సీలో పెరిగినవారికి అబ్బే కొద్దిపాటి నిరోధకత కూడా ఏళ్లతరబడి దూరంగా ఉంటే తగ్గిపోతుంది. విదేశాల్లో పుట్టిన పిల్లలకు అది అసలే ఉండదు. బయలుదేరే ముందే వైద్యుణ్ని అడగాలి. మలేరియా రాకుండా పెద్దలకిచ్చే డాక్సీసైక్లిన్‌ను తిరిగి వెళ్లాక కూడా 4 వారాలు వాడాలి. విమానం ఎక్కగానే మానేయడం ప్రమాదం. మాత్రలు వాడినా వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాగి, నెలల తర్వాత జ్వరంగా బయటపడవచ్చు. అక్కడి వైద్యులు దాన్ని ఫ్లూ అనుకోవచ్చు. ఎక్కడెక్కడ తిరిగారో చెప్పి రక్తపరీక్ష అడగండి. దోమలో మలేరియా పరాన్నజీవిని 1897లో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ప్రవాస తెలుగు సంఘాలు సెలవులకు ముందే ఈ జాగ్రత్తలను ఇంటింటికీ చేర్చాలని నా విన్నపం.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం